చిట్టి ముక్క

సుత్తి మొదటి దెబ్బకే ఫ్రీజరు తాళం ఊడిపడింది.

"ఏం చేస్తున్నావు బాబూ? అది మీ తోడల్లుడి పదేళ్ల కష్టం" అంటూ ల్యాబు నడిపే ప్రొఫెసరమ్మ అడ్డం వచ్చింది.

చిన్నల్లుడు ఆవిణ్ణి ఒక్క తోపు తోశాడు. బల్ల అంచు తగిలి నుదురు చిట్లింది. ఆవిడ అక్కడే కూలబడింది.

ఆవిడ మీద అతనికి కోపమేమీ లేదు. తీరికే లేదు. పదకొండింటికి ఇన్‌స్పెక్టరు వస్తాడు. అప్పటికి ఆ చిట్టి ముక్క ఇక్కడ మిగిలి ఉంటే తన మెడకు ఉరి తప్పదు.

తోడల్లుణ్ణి చంపినందుకు మాత్రం ఈ క్షణానికీ విచారం లేదు. అత్తగారింట్లో ఏ మాట వచ్చినా "మా పెద్దల్లుడు సైంటిస్టు" అనడమే. ఇటుకల బట్టీ నడిపే చిన్నల్లుడు కూరలో కరివేపాకు. నెల క్రితం కల్వర్టు దగ్గర ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. ఇదే సుత్తితో మూడు దెబ్బలు వేశాడు. నాలుగోది అక్కర్లేదు, అయినా వేశాడు. శవాన్ని మండుతున్న బట్టీలోకి తోశాడు. మనిషి కనబడటం లేదని ఇంటిల్లిపాదీ ఏడుస్తుంటే, వెతికే వంకతో ఆయన గదిలో దూరి దువ్వెనా, బ్రష్షూ, గడ్డం గీసుకునే బ్లేడూ కూడా అదే బట్టీకి ఆహుతి ఇచ్చాడు. చచ్చినవాడు వెనకా ముందూ ఎవరూ లేని అనాథ, పిల్లలూ లేరు. బూడిదకు నోరుంటుందా?

ఈ ఉదయం ఇన్‌స్పెక్టరు అతన్ని పక్కకు పిలిచాడు.

"కల్వర్టు రాతిమీద రక్తం దొరికింది. మీ తోడల్లుడిదో కాదో పోల్చడానికి ఆయన వస్తువు ఒక్కటీ లేదు. ల్యాబులో ఏదో ఉందట, పదకొండింటికి వెళ్లి తెస్తాం. ఆడవాళ్లకి చెప్పకండి, కంగారుపడతారు."

ఆ ఏదో ఏమిటో అతనికి తెలుసు. భోజనాల దగ్గర పెద్దల్లుడు వందసార్లు చెప్పాడు.

"జన్యువులకి నకలు తీసే యంత్రం ఒకటి ప్రతి కణంలోనూ ఉంటుంది తమ్ముడూ. అందులో బుల్లి ప్రోటీను ముక్క, నేను చిట్టి అంటాను. ఈస్టులో దాని జన్యువు పీకేస్తే ఈస్టు చచ్చింది. నా రక్తంలోంచి అదే జన్యువు తీసి పెడితే మళ్లీ బతికింది. ఆ సీసాల్లో ఉన్నది నేనేనయ్యా."

సుత్తి లేచింది, పడింది. సీసాలు పిండి అయ్యాయి. గాజు పెంకులు అరచేతిలో దిగి నెత్తురు మోచేతిదాకా కారింది. ఫినాయిలు డబ్బా మొత్తం గుమ్మరించి బూట్లతో తొక్కాడు.

"చావు. రెండోసారి కూడా నా చేతిలోనే చావు" అన్నాడు పళ్లు కొరుకుతూ.

ఆఖరి సీసా పగిలాక గట్టిగా ఊపిరి పీల్చుకుని వెనక్కి తిరిగాడు. గుమ్మంలో ఇన్‌స్పెక్టరు, వెనక ఇద్దరు కానిస్టేబుళ్లు. గోడ గడియారంలో ఇంకా పదిన్నరే.

ప్రొఫెసరమ్మ బల్ల పట్టుకుని లేచింది. కొంగుతో నుదురు అదుముకుంటూ ఇన్‌స్పెక్టరు వంక అయోమయంగా చూసింది.

"మీరెందుకు వచ్చినట్టు? ఆ చిట్టి మనుషులందరిలోనూ ఒకటే, దాంతో ఎవరి రక్తమో తేలదని నిన్ననే చెప్పాను కదా."

ఇన్‌స్పెక్టరు బేడీలు బయటికి తీశాడు.

"రక్తం ఎవరిదో తేలదన్నారు కదమ్మా, చంపిందెవరో తేలుతుందేమోనని ఈయనొక్కడికే చెప్పాను."