రాని బస్సు

"ఆడి మీద కేసెయ్యండి మేడమ్! ఆడి బస్సులు మళ్లీ రోడ్డెక్కకూడదు!"

తారకేశ్వరరావు బుకింగు రసీదును లాయరు ఝాన్సీలక్ష్మి బల్ల మీదికి విసిరాడు. కూతురి పెళ్లయి నాలుగు రోజులైంది. టెక్కలి కల్యాణ మండపంలో పడ్డ అవమానం ఇంకా ఒళ్లంతా మండుతూనే ఉంది. బారువ నుంచి తనవాళ్లు యాభైమందిని తేవలసిన బస్సు రానేలేదు. కన్యాదానం వేళ మగపెళ్లివారి వైపు జనం కిక్కిరిసిపోతే, తన వైపు అన్నీ ఖాళీ కుర్చీలే.

"ఏటి బావా, నీకు నా అన్నోలు ఎవులూ లేరేటి?" అని వియ్యంకుడు నలుగురిలో నవ్వాడు కూడా.

ఝాన్సీలక్ష్మి రసీదు మొత్తం చదివింది. "తేదీ, టైము, బస్సు నంబరు, సంతకం అన్నీ ఉన్నాయి. ఇది సేవాలోపమే. ముందు నోటీసిద్దాం. దిగిరాకపోతే శ్రీకాకుళంలో వినియోగదారుల కమిషన్‌కి ఫిర్యాదు చేద్దాం. అడ్వాన్సు తిరిగొస్తుంది, మనోవేదనకి పరిహారం కూడా అడగొచ్చు."

"డబ్బులెవులిక్కావాలమ్మా! మా పెదనాన్న అక్షింతలు పడకండానే తాళి కట్టించీసినాను. నన్ను పెంచిన మనిషి! ఆయన దీవెన లేని పెళ్లి దేవుడికైనా నచ్చుతాదా? ఇప్పుడు ఫోనుకి కూడా రాడు. తమ్ముణ్ని అడిగితే, 'ఆయన మాటాడ్డన్నయ్యా' అంటన్నాడు. ముసిలోడు అలిగీసినాడు మేడమ్! ఆ అలక ఏ కమిషన్ తీరుస్తాది?"

"అది తీర్చే సెక్షన్ లేదండీ," అందామె మెల్లగా. "బస్సు ఓనర్ని రమ్మన్నాను. నోటీసుకి ముందు అతని మాట కూడా విందాం."

ఇంతలో గుమ్మం దగ్గర చెప్పులు విడిచి బస్సు ఓనరు ఢిల్లీరావు లోపలికొచ్చాడు. అడ్వాన్సు కవరు బల్ల మీద పెట్టి, "నోటీసు ఇచ్చీండి మేడమ్. నా తప్పేనని రాసిత్తాను," అన్నాడు.

తారకేశ్వరరావు ఒక్క ఉదుటున లేచాడు. "తప్పు రాసిచ్చీసి తప్పుకుందామనా? ఎవుడెక్కువిచ్చినాడురా నీకు? ఏ పార్టీకి తిప్పినావు నా బస్సు?"

ఢిల్లీరావు కవరును అతని వైపు జరిపాడు. "అమ్మాయిగారికి అత్తోరింట్లో వ్రతం అయిపోనాదా బాబూ?" అని అడిగాడు.

"సూసినారా మేడమ్! పెళ్లికి మనుషుల్ని తేలేనోడు వ్రతం కబుర్లు అడుగుతన్నాడు! ప్రసాదం కావాలేటిరా?" తారకేశ్వరరావు అతని కాలరు పట్టుకుని ఊపేశాడు. "అయిపోనాది! నిన్ననే అయిపోనాది! సత్యనారాయణస్వామి దయవల్ల నీ బస్సు లేకండానే అయిపోనాది! ఇప్పుడు సెప్పు, ఎందుకు రాలేదు?"

"కాలరు వదలండి, ఇది ఆఫీసు," అంటూ ఝాన్సీలక్ష్మి కుర్చీలోంచి లేచింది.

ఢిల్లీరావు మాత్రం ఆ చేతిని విడిపించుకోలేదు.

"బస్సు నేనే తోలినాను బాబూ, పలాస దాకా వచ్చినాం. మీ పెదనాన్నగారే గుండె పట్టుకుని బస్సు తిప్పించీసినారు. 'మైల కబురెళ్తే పెళ్లాగిపోద్ది. వ్రతం అయ్యీదాకా నింద నువ్వు మొయ్యరా' అని బస్సులో అందరి సేతా ఒట్టేయించుకుని, నా సేతుల్లోనే పోయినారు."