మెడ కింద చెయ్యి

కుస్తీ షో మొదలయ్యే వేళకు నర్సవ్వ అలవాటుగా నువ్వుల నూనె పొయ్యి మీద పెట్టింది. ఆ షోలో కుస్తీ పట్టే భర్త కనకయ్య బతికున్నన్నాళ్లూ ఆట ముగించుకొని రాగానే వీపుకు నూనె రాయించుకుంటూ, "ఎట్లాడిన?" అని అడిగేవాడు. ఆమె ఉన్నదున్నట్టు చెప్పేది.

అతను పోయి ఆరేళ్లు. షో నడిపే కంపెనీ కంప్యూటర్లో తయారుచేసిన అతని రూపం మాత్రం ప్రతి ఆదివారం గోడ మీది తెరలో కుస్తీ పడుతూనే ఉంది. జనం చెప్పే అభిప్రాయాలను బట్టి అది ఆట మార్చుకుంటుంది. ఆట బాగలేదని భార్య చెబితే మాత్రం ఆ రూపాన్ని శాశ్వతంగా తీసేయాలన్నది ఒప్పందం. వచ్చే వారం మళ్లీ చూడాలన్న ఆశతో నర్సవ్వ ఎప్పుడూ బాగుందనే చెబుతూ వచ్చింది.

ఆ రోజు కనకయ్య ఎదుటివాణ్ని పైకెత్తి తలకిందులుగా విసిరికొట్టాడు. జనం వెర్రెత్తిపోయారు.

"మస్తు కొట్టిండు గదనే అమ్మా!" అంది కూతురు స్వరూప.

"మెడ కింద చెయ్యి పెట్టలే," అంది నర్సవ్వ. "వాడు గూడ ఒక తల్లి కొడుకే అనెటోడు మీ నాయిన. చెయ్యి అడ్డం పెట్టకుండ ఎన్నడు ఎవ్వన్ని పడెయ్యలే."

తెర ఆమె అభిప్రాయం అడిగింది.

"చెప్తే మళ్ల కనవడడే," స్వరూప తల్లి చెయ్యి పట్టుకుంది.

"ఆయన బతికుండంగ అడిగితే నేనెన్నడన్న అబద్ధం చెప్పిన్నా?" నర్సవ్వ తెరకేసి తిరిగింది. "బాగలేదు."

కనకయ్య మాయమయ్యాడు. ఆమె నూనె గిన్నె దింపి, ఎవరికి రాయాలో తోచక, తన అరచేతులకే రాసుకుంటూ కూర్చుంది.