పాలు తాగని పూస

ఒక లేగదూడ పేగు గోడలో, లోతైన గుంట అడుగున, పూస అనే చిన్న కణం పుట్టింది. అక్కడ పుట్టినవాళ్లంతా గోడ ఎక్కుతూ దారిలోనే ఏదో ఒక పని నేర్చుకుంటారు. పూసకు ఒక్కటే ఆశ. తనకంటే ముందు పుట్టి పైకి చేరిన అక్కలాగా గోడ పైన నిలబడి, దూడ తాగే పాలు పీల్చుకోవాలి.

పూస సగం దూరం ఎక్కేసరికి పేగులోకి పురుగులు వచ్చి పడ్డాయి. అవి గోడను కొరుకుతుంటే దూడ రోజురోజుకీ చిక్కిపోయింది. గోడ వెనక కాపలా ఉండే ముసలి కణం పూసను వెతుక్కుంటూ వచ్చింది.

"అమ్మా పూసా, పాలు పీల్చేవాళ్లు చాలామందే ఉన్నారు. పురుగుల్ని జారగొట్టే జిగురు పోసేవాళ్లే చాలడం లేదు. నువ్వు ఆ పనిలోకి రావాలి."

"మరి పాలు, తాతా?"

"జిగురు పోసేవాళ్లకు పాలు పీల్చడం రాదు తల్లీ. ఒకసారి మారితే ఇక అంతే."

పూస పైకి చూసింది. ఒక పురుగు అక్క మీదికే వస్తోంది.

"సరే, మార్చు," అంది.

తాత ఇచ్చిన సంకేతం సోకగానే పూస ఒళ్లు కుండలా ఉబ్బి జిగురుతో నిండింది. అక్క పక్కకు చేరి ఉన్నదంతా కుమ్మరించింది. తోటివాళ్లూ కుమ్మరించారు. పురుగులు పట్టు తప్పి కొట్టుకుపోయాయి.

మర్నాడు దూడ తల్లి పొదుగు కుడిచింది. పాలు పూస మీదుగానే పారాయి. వెచ్చదనం తెలిసింది, రుచి తెలియలేదు. పక్కన అక్క మైమరచి తాగుతోంది. పూస అక్క వంకే చాలాసేపు చూసింది. ఆ తర్వాత అక్క చుట్టూ ఇంకాస్త జిగురు పోసింది.