అమ్మ పిలిచిన పేరు

"ఇంతకీ ఎలా పారిపోయి వచ్చారండీ?"

తన బానిస బతుకు గురించి రాసిన పుస్తకం మీద సంతకం పెడుతున్న బావోసో తలెత్తాడు. లండన్‌లో ఏ సభకు వెళ్ళినా ఈ ప్రశ్న తప్పదు. ఎదురుగా ఉన్నది మిసెస్ టిల్బరీ. బానిసల వ్యాపారం ఆపాలన్న అర్జీ మీద అందరికన్నా ముందు సంతకం చేసిన ఇల్లాలు.

"పారిపోలేదమ్మా. ఏళ్ళ తరబడి చాకిరీ చేసి, నన్ను నేనే కొనుక్కున్నాను. జన్మలో ఒక్కసారి కూడా పారిపోలేదు," అన్నాడు కాస్త గర్వంగా.

"అబ్బ! మీ పేరు మాత్రం నోరు తిరగడం లేదండీ. బా... బావ్..."

"బావోసో. దొరలు మారినప్పుడల్లా నాకో కొత్త పేరు తగిలించారు. ఇది మాత్రం మా అమ్మ పిలిచిన పేరు. అందుకే పుస్తకం మీద ఇదే వేయించాను."

సభ ముగిసింది. చప్పట్లు కొట్టినవాళ్ళంతా బళ్ళెక్కి ఇళ్ళకు వెళ్ళిపోయారు. బానిసలు పండించినదని చక్కెర వెయ్యని టీ ముందు పెట్టుకుని బావోసో ఒక్కడే మిగిలాడు. ఇంత పెద్ద ఊళ్ళో తన పేరు తడబడకుండా పిలిచే మనిషి లేడు. ఆ వెలితి ఏ చప్పట్లతోనూ తీరలేదు.

"రేవు దగ్గర పూటకూళ్ళ ఇల్లు నడిపే డోర్కస్‌ది మీ దేశమేనట," అన్నాడు తలుపులు మూయడానికి వచ్చిన కాపలావాడు.

బావోసో టీ అక్కడే వదిలేసి బయలుదేరాడు.

డోర్కస్ ముసలిది. బానిసగా ఓడ ఎక్కించేనాటికే ఇద్దరు పిల్లల తల్లి కనుక సొంత భాష మరిచిపోలేదు. అతణ్ణి చూడగానే మొహం విప్పారి, గబగబా ఏదో అంది. అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు.

"భాష పోయిందమ్మా. నాలుగేళ్ళప్పుడు ఎత్తుకుపోయారు. పేరొక్కటే మిగిలింది. మనవాళ్ళు పిలిచినట్టు ఒక్కసారి పిలవవూ?"

"దానికేం భాగ్యం! ఈ బఠాణీల చారు దించేలోగా పదిసార్లు పిలుస్తాను. చెప్పు."

"బావోసో."

గరిటె ఆగిపోయింది.

"బావోసో ఏంటి నాయనా... గ్బా ఓసో?"

"అదే! అచ్చం అలాగే!" బావోసో కళ్ళు నిండిపోయాయి. "ఎన్నాళ్ళకు విన్నానమ్మా!"

"ఎవరు పెట్టారు నీకా పేరు?"

"మా అమ్మే. ఆవిడ మొహం గుర్తు లేదు, గొంతే గుర్తు. ఆ రోజు మా వాకిట్లోకి ఎవరో మగవాళ్ళు వచ్చారు. అమ్మ గొంతు చించుకుని పిలిచింది. అదే పేరు, మళ్ళీ మళ్ళీ."

"మరి నువ్వేం చేశావు?"

"అమ్మ పిలిస్తే ఆగుతానా? అమ్మ దగ్గరికే పరుగెత్తాను."

డోర్కస్ గరిటె పక్కన పెట్టింది. అతని రెండు చేతులూ పట్టుకుంది.

"ఇంకొక్కసారి పిలవమ్మా," అన్నాడు.

"అది పేరు కాదు నాయనా, 'పారిపో' అని."