లాగిన్‌లో రెండో పేరు

ఆయన వస్తూనే మొదటి కంప్యూటర్ ప్లగ్గు పీకేశాడు.

"అయ్యో, ఆగండి! అందులో పిల్లల ప్రోగ్రాములున్నాయి!" అంది కంప్యూటర్ టీచర్ గాభరాగా.

వైరు ఆయన చేతిలో అలాగే ఉండిపోయింది.

"ఇవి ఇంకా వాడుతున్నారా?"

"వాడకేం! కాకపోతే ఆన్ చేసి, క్లాసంతటికీ హాజరు వేసి వస్తే అప్పటికి తెరుచుకుంటాయి. మెకానిక్‌ని పంపమని హెడ్డాఫీసుకి ఎన్ని ఉత్తరాలు రాశాను! ఇన్నాళ్ళకా మీరు రావడం? ఇవాళో రేపో ల్యాబే ఎత్తేస్తామంటున్నారు హెడ్మాస్టారు."

ఆయన ఏదో చెప్పబోయాడు. ఆమె సందిస్తేగా!

ఆయన కాసేపు గదిలోని పది కంప్యూటర్ల వంక చూశాడు. తర్వాత ప్లగ్గు మళ్ళీ పెట్టి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"లైనక్సే ఉంది, మంచిదే. దాని మీద ఈ హంగులే బరువు. ఇంటర్నెట్ వస్తుందా అమ్మా?"

"వస్తుంది, నత్తనడకన."

"చాలు."

నల్లటి తెర మీద రెండు వేళ్ళతోనే టకటకా కొట్టాడు. చిన్న విండో మేనేజర్ ఒకటి దించాడు. దాని పేరుతో ఐదారు లైన్ల ఫైలు రాసి, లాగిన్ తెర చదివే సెషన్ల ఫోల్డర్లో పెట్టాడు. లాగౌట్ చేసేసరికి, లాగిన్ తెర మీది జాబితాలో పాత డెస్క్‌టాప్ కింద కొత్త పేరొకటి వచ్చి కూర్చుంది.

దాన్ని ఎంచుకుని లోపలికి వెళ్ళాడు. రెప్పపాటులో తెరుచుకుంది. కానీ తెర మీద బొమ్మల్లేవు, కింద పట్టీ లేదు. ఉత్త బూడిదరంగు.

టీచర్ తెర మీదికి వంగింది.

"అంతా తుడిచిపెట్టేశారా?"

"ఏదీ పోలేదమ్మా. విండోలు సర్దే ప్రోగ్రాం ఒక్కటే నడుస్తోంది. మీ పాతదీ భద్రంగానే ఉంది. లాగిన్ దగ్గర ఏది కావాలంటే అది ఎంచుకోండి."

రెండు మీటలు నొక్కాడు. పిల్లల ప్రోగ్రాం చటుక్కున ముందుకొచ్చింది.

"ఎక్కడ నేర్చుకున్నారండీ ఇదంతా?"

"జనం పారేసినవాటి మీదేనమ్మా," అని నవ్వాడు.

సాయంత్రం బెల్లు కొట్టేసరికి పదీ పూర్తయ్యాయి. టీ తెప్పిస్తానన్నా ఆగలేదు. గేటు బయటున్న ఖాళీ ట్రాలీ ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు. సంబరంలో పేరడగడం కూడా మరిచిపోయింది ఆమె.

ల్యాబ్ నిలిచింది.

ఎనిమిదేళ్ళు గడిచాయి. ఏటా కొత్త పిల్లలు ఆ బూడిదరంగు తెర చూసి, "ఏమీ లేదేంటి టీచర్!" అని అరిచేవాళ్ళు. "ఏదీ పోలేదమ్మా," అంటుంటే ఆమెకు తన గొంతులో ఆయన గొంతే వినిపించేది.

రిటైర్మెంటు దగ్గరపడింది. సన్మానానికి ఎవరెవరిని పిలవాలని గుమాస్తా అడిగితే ఆమె మొదట చెప్పింది ఆయన సంగతే.

"అప్పుడు కంప్యూటర్లు బాగుచేసిన పెద్దాయనా? పోయి రెండేళ్ళయింది మేడం."

ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"అంత పనిమంతుడు తమ దగ్గర ఉండేవాడని హెడ్డాఫీసు వాళ్ళకైనా తెలుసో లేదో," అంది.

గుమాస్తా తెల్లబోయాడు.

"హెడ్డాఫీసేంటి మేడం! ఆ పదింటినీ తూకానికి పట్టుకుపొమ్మని హెడ్మాస్టారు నాచేత పిలిపించిన పాతసామాన్లాయన కదా!"