పాడేరు వెళ్ళిన ఇంజను మేస్త్రి

మా ఆయన సంచిలో రెండు లుంగీలు, స్వెట్టరు, బీపీ మాత్రలు సర్దాను. ఆవకాయ సీసా పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాను. ఎవరు ఊరికి బయల్దేరినా నాకు గుండెదడే. వెళ్ళి తిరిగిరాని వాళ్ళ తేదీలన్నీ నాకు గుర్తే.

"రెండ్రోజులకి ఇంత సంచేటే? కాపరానికి పంపుతున్నావేటి?" అన్నాడు గౌరినాయుడు.

ఆయన పెట్రోలు ఇంజన్ల మేస్త్రి. అనకాపల్లిలో అన్నీ కరెంటు కార్లే అయ్యాక పిలిచే నాథుడు లేక, పదేళ్ళుగా మిక్సీలు బాగుచేస్తున్నాడు. పాడేరు కొండల్లో మాత్రం గాలివానకి కరెంటు నిలవదు గనక ఇంటింటా పెట్రోలుతోనూ నడిచే హైబ్రిడ్ కారే. అక్కణ్ణించి ఇన్నాళ్ళకి పిలుపొచ్చింది. డ్రైవరు అక్కర్లేని కారు కూడా పంపారు.

ఆయన తల దువ్వుకుంటుంటే నేను కారు దగ్గరికెళ్ళి, "ఆదివారం పొద్దున్నకి ఇక్కడుండాలి. ఎవరేం చెప్పినా వినకు" అన్నాను.

"అలాగేనమ్మా" అంది కారు.

మాట తప్పలేదు. ఆదివారం పొద్దున్నే గుమ్మం ముందు ఆగింది. లోపల మనిషి లేడు. సీటు మీద ఖాళీ ఆవకాయ సీసా ఉంది.

"మా ఆయనేడీ?"

"నన్ను రమ్మన్నారు గానీ ఆయన్ని తీసుకురమ్మనలేదమ్మా. అక్కడ ఆయన్ని గురువుగారంటున్నారు. పద్నాలుగు కార్లు వరసలో ఉన్నాయి. సీసా నింపి పంపమన్నారు."

నాకు ఒళ్ళు మండింది. చెవి పట్టుకుని లాక్కొద్దామని రెండు చీరలు సంచిలో కుక్కాను. పక్కింటి బంగారమ్మకి తాళమిచ్చి, "రేపొచ్చేస్తానమ్మా" అని కారెక్కాను.

అది 2058 ఫిబ్రవరి పదో తేదీ. నేను మళ్ళీ అనకాపల్లి రాలేదు.