తేలుదొర వెల

“పెట్టె తెరవొచ్చా?” అని అడిగారు భూతద్దంగారు.

ఎదురుగా కూర్చున్న భార్యాభర్తలిద్దరూ ఒక్కసారే “ఎందుకండీ?” అన్నారు.

పాత బొమ్మలకు వెల కట్టడం భూతద్దంగారి పని. అసలుదేదో నకిలీదేదో చూసి, ఉన్నది ఉన్నట్టు చెప్పడం తప్ప ఆయనకు ఇంకో విద్య రాదు. అందువల్ల పేరు బాగానే వచ్చింది గానీ స్నేహితులు మిగల్లేదు. చివరికి అమ్మానాన్నలు పెట్టిన పేరు కూడా మరుగునపడి, చేతిలో ఉన్న అద్దమే ఆయన పేరై కూర్చుంది.

బల్ల మీదున్నది తేలుదొర. ఒకప్పుడు బొమ్మల కథల్లో పిల్లల్ని హడలగొట్టిన దుర్మార్గుడు. ముఖానికి ముసుగు, మోకాళ్ళ దాకా బూట్లు, మెడ నుంచి వీపు మీదికి వేలాడే కేప్, వెనక వంకర తిరిగిన తోక. పెళ్ళికి ముందు, మొదటి జీతం అందిన రోజున కొనుక్కున్నాడట భర్త. అతను కార్లకు రంగులు వేసే మేస్త్రి. అందరూ హీరోని కొనుక్కుంటే మీరు వీణ్ణెందుకు కొన్నారని అడిగితే, హీరోది ఒంటి నిండా ఒకటే రంగు, వీడి మీద ఎంత పనితనం ఉందో చూడండి అన్నాడు. ఇంట్లో ఆ బొమ్మ మీద ఈగను కూడా వాలనివ్వడట.

“నిజానికి మాకీ వెల గోల అక్కర్లేదండీ,” అన్నాడు మేస్త్రి, టోపీని ఒళ్ళో అటూ ఇటూ తిప్పుతూ. “మా అల్లుడు పోరుపెట్టి పంపాడు. అతనికీ బొమ్మల పిచ్చే. అసలుదో నకిలీదో తేల్చుకురండి, సాయంత్రం అందరి ముందూ చెబుదాం అంటాడు.”

భార్య బట్టలు కుట్టే మనిషి. మెడలో కొలతల టేపు తీయడం కూడా మరిచిపోయి అలాగే వచ్చేసింది. పైకి చెప్పుకోలేక తేలు కుట్టిన దొంగలా కూర్చుంది.

భూతద్దంగారు గ్లౌజులు తొడుక్కుని బొమ్మను బయటికి తీశారు. కీళ్ళు బిగువుగా ఉన్నాయి. తోక విరగలేదు. అరికాలి మీద ఫ్యాక్టరీ ముద్ర అసలుదే. వీపు వైపు తిప్పేసరికి ఆయన కనుబొమ్మలు పైకి లేచాయి. తేలుదొర కేప్ అంటే పల్చటి ప్లాస్టిక్ రేకు. ఇది గుడ్డ. అంచు చుట్టూ చీమ తలకాయలంత కుట్లు. పైగా తేలుదొరకు ఫ్యాక్టరీ వాళ్ళు వేసింది వంకాయ రంగు. ఇక్కడ కేపూ, ముసుగూ, బూట్లూ అన్నీ నేరేడుపండు రంగే. పూత మాత్రం నున్నగా ఉంది. అద్దంలోంచి ఎంత వెతికినా ఒక్క కుంచె గీత కనబడలేదు.

ఆయన నోరు తెరవబోయేసరికి భార్య చూపు అడ్డం పడింది. అంతలో కింద వీధిలో హారన్ మోగింది. బండి దారికి అడ్డంగా పెట్టారని ఎవరో కేకేస్తే మేస్త్రి లేచి వెళ్ళాడు.

అతని అడుగుల చప్పుడు మెట్లు దిగగానే ఆమె ముందుకు వంగింది.

“ఆ కేప్ నేను కుట్టిందేనండీ.”

పెళ్ళైన కొత్తలో జరిగిందట. బొమ్మ కేప్ ముడతలు పడి ఉంటే, చక్కగా చేసి పెడితే ఆయన మురిసిపోతాడు కదా అని ఇస్త్రీ పెట్టె తగిలించింది. ముడత పోలేదు, కేపే పోయింది. ఆయన పని నుంచి వచ్చేలోగా కొట్లన్నీ తిరిగినా ఆ వంకాయ రంగు గుడ్డ దొరకలేదు. దొరికిన నేరేడు రంగు లైనింగు ముక్కతోనే కుట్టి తగిలించి, పెట్టె ఎప్పటిలా మూసేసింది. రేపు చెబుదాం, మాపు చెబుదాం అనుకుంటూ ఉండగానే పిల్లలు పుట్టారు, వాళ్ళ పెళ్ళిళ్ళూ అయిపోయాయి.

“బండి తలుపు మీద పిసరంత రంగు తేడా ఉన్నా పట్టేసే మనిషండీ. ఇది మాత్రం ఆయన కంట పడలేదు.”

“మరి ముసుగు, బూట్లు?”

“వాటి జోలికి నేను పోలేదు. కుట్టిన రోజు రంగు కలవలేదేమోనని హడలిపోయాను. తర్వాత చూస్తే అతికినట్టు కలిసిపోయింది. కంగారులో నా కళ్ళే మోసం చేసుంటాయి.”

ఫ్యాక్టరీలో మిగిలిన రంగేదో వాడేసి ఉంటారులే అనుకున్నారు భూతద్దంగారు.

“చెప్పకండి,” అన్నదామె. “బొమ్మ పాడైనందుకు కాదు. ఇన్నేళ్ళు ఆయన దగ్గర దాచానని తెలిస్తే ఆయన మనసు విరిగిపోతుంది.”

మేస్త్రి తిరిగొచ్చి కూర్చున్నాడు. అబద్ధం చెప్పడం ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో కూడా భూతద్దంగారికి తెలియదు. ఆ చీమ తలకాయల కుట్లు ఇంకోసారి చూశారు. ఆ చేతి మీద ఆయనకు ఎక్కడలేని వాత్సల్యం పుట్టుకొచ్చింది.

“ఇలాంటి తేలుదొరను నా జన్మలో చూడలేదు. ఇంకెక్కడా ఉండడు,” అన్నారు. “దీనికి వెల కట్టడం నా వల్ల కాదు. మీ అల్లుడికి ఆ మాట నేనే ఫోన్ చేసి చెబుతాను.”

“అంటే అసలుదేనా?” అని మేస్త్రి మెల్లగా అడిగాడు.

“మీ ఇంటికి ఇదే అసలుది.”

అందులో ఒక్క ముక్కా అబద్ధం లేదని ఆయన లోలోపల పొంగిపోయారు. ఆమె కళ్ళు తుడుచుకుని, పెట్టెను పసిబిడ్డలా పొదివి పట్టుకుంది. మేస్త్రి కూడా గట్టిగా ఊపిరి వదిలాడు. ఇద్దరూ దణ్ణం పెట్టి బయటికి నడిచారు.

“నువ్వు దిగుతూ ఉండు, టోపీ మరిచిపోయాను,” అన్న మాట మెట్ల మీంచి వినబడింది.

మేస్త్రి లోపలికొచ్చి, కుర్చీ మీది టోపీ తీసుకుని, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించాడు.

“మా ఆవిడ గుడ్డకి నా రంగు సరిగ్గా కుదిరిందా అండీ?”